యుద్ధకాలములో గ్రామ పంచాయతీ పని

2025 మే 7వ తేదీ సాయంకాలము 4 గంటలకు హైదరాబాదు నగరములో సికింద్రాబాదు, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి ప్రాంతములందు సైరనులు మ్రోగినవి. విమానదాడి జరిగినయెడల ప్రజలు ఎట్లు మెలగవలెనో నేర్పుటకై నాడు దేశమంతట జరిపిన పౌర రక్షణ అభ్యాసములో అది ఒక భాగము. మౌలాలి నుండి వచ్చి, ఉప్పల్ దాటి వరంగల్ బాటను పట్టినవారికి ఘట్‌కేసర్ చేరుటకు ముందే అన్నోజిగూడ తగులును. ఒకప్పుడు పొలములు, చెరువుల నడుమ ఉండిన పల్లె అది. నేడు నగరపు అంచులో కలిసి పట్టణ పాలనలోనికి వచ్చినది. నగరములో మ్రోగిన సైరను ఇట్టి ఊళ్ళకు ఎంతో దూరము కాదు.

అట్టి దినమున పంచాయతీ కార్యాలయములోని బల్లపై ఏ కాగితములుండును? మంచినీటి మోటారు చెడినదని ఒక అర్జీ, వీథి దీపములకు కరెంటు బిల్లు, మురుగు కాలువ గురించి తగవు, ఇంటిపన్ను బకాయిల జాబితా. యుద్ధము వచ్చినదని వీనిలో ఏ ఒక్కటియు ఆగదు. వీనిపై క్రొత్త పనులు వచ్చి చేరును: చందాలు, సరకుల పంపకము, సైన్యములో చేరిన వారి కుటుంబముల బాగోగులు. ఈ క్రొత్త పనులను ఎవరు చేసిరి, ఎట్లు చేసిరి అనుదానిని బట్టియే ఒక ఊరు యుద్ధకాలమును ఐకమత్యముతో గడుపుటయో, పగలతో గడుపుటయో జరిగినది. దీనికి మన తెలంగాణములోనే సాక్ష్యము కలదు. దానిని చూచుటకు ముందు దూరదేశపు ఉదాహరణ నొకదానిని చూతము.

రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా 1941 డిసెంబరులో ప్రవేశించినది. ఆ దేశములోని చిన్న పట్టణము మన పెద్ద గ్రామము వంటిదే. అందరు అందరికి తెలిసినవారే. అచ్చట ఏ యువకుడు సైన్యమునకు పోవలెను, ఎవరు ఆగవలెను అను నిర్ణయమును రాజధానిలోని అధికారులు తమ చేతిలో ఉంచుకొనలేదు. 1940 సెప్టెంబరులో చేసిన చట్టము ప్రకారము దేశమంతట 6,400 పైచిలుకు స్థానిక సంఘములు ఏర్పడినవి. ముగ్గురు లేక అంతకు మించిన స్థానికులు జీతము లేకుండ కూర్చుండి తీర్మానించుచుండిరి. రైతు కుమారుడు పొలము పనికి తప్పనిసరియా కాదా అని తేల్చవలసినవారు కూడ వారే. కొడుకును పంపిన తల్లి, కొడుకు ఆగిన తల్లి ఒకే అంగడిలో ఎదురుపడుదురు. ఆ సంఘ సభ్యుని స్థితిని పంచాయతీ సభ్యులకు వేరుగ వివరింపనక్కరలేదు.

సరకుల సంగతియు అంతే. మలయా ద్వీపకల్పము, దాని చుట్టుపట్ల దీవులు జపాను వశమగుటతో అమెరికాకు రబ్బరు రాక ఆగిపోయెను. 1942 జనవరిలో మోటారు టైర్లపై మొదట కట్టడి వచ్చినది. ఊరూర ధరల, రేషను సంఘములు వెలసినవి. వీని సంఖ్య 5,500 దాటినది. నెలకు ఊరి వంతుకు వచ్చునవి కొన్ని టైర్లు మాత్రమే. వైద్యునికి, అగ్నిమాపక బండికి ముందు. తక్కినవారు వేచియుండవలెను. 1942 మే నెలలో చక్కెర వంతు వచ్చెను. చీటీల పుస్తకములు పంచుటకు బడులను కేంద్రములుగ ఎంచుకొనిరి. ఉపాధ్యాయులే పేర్లు వ్రాసికొనిరి. ఇంట ఎంత చక్కెర నిలువయున్నదో కుటుంబమువారు చెప్పవలెను. హద్దుకు మించి ఉన్నంత మేరకు పుస్తకములోని చీటీలను చింపి ఇచ్చెడివారు. మాటపై నమ్మకము, దానికి తగిన లెక్క, రెండును ఒకే బల్లపై నడచినవి.

ఇంతటి పనిలోను ఆ పట్టణముల మామూలు వ్యవహారము సాగుచునే యుండెను. క్రొత్త కట్టడములకు కేంద్ర అనుమతి కావలసివచ్చెను. వీథుల మరమ్మతుకు సామగ్రి కరవు. పనివారు సైన్యములో చేరిరి. పాత ఇనుము పోగుచేయవలసివచ్చినప్పుడు, గత యుద్ధముల జ్ఞాపకముగ కచేరీ ముందు నిలిపిన ఫిరంగులను సైతము కరగించుటకు ఇచ్చిన ఊళ్ళు కలవు. ఆ దేశపు ఈశాన్య రాష్ట్రములలో ఏటేట ఊరివారందరు సభగా కూడి జమాఖర్చులు వినుట పూర్వాచారము. సంవత్సరపు లెక్కను పుస్తకముగ అచ్చువేసి ఇంటింటికి అందజేయుదురు. యుద్ధ సంవత్సరములలోను ఆ పుస్తకములు వెలువడినవి.

అయితే ఆ ఏర్పాటులో పెద్ద లోపమొకటి ఉండెను. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి ఈ సంఘములలో చోటు దాదాపు లేదు. వారి బిడ్డలను యుద్ధమునకు పంపుటయు, వారి చక్కెర వంతును తేల్చుటయు ఇతరుల చేతిలోనుండెను. సంఘము స్థానికమైనంత మాత్రమున న్యాయమైనది కాదు. అందు ఎవరెవరు కూర్చుండిరని అడుగవలసియున్నది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. అదే యుద్ధము తెలుగుదేశమునకు కూడ వచ్చినది. 1942 మార్చిలో రంగూను పతనముతో బర్మా బియ్యము ఆగిపోయెను. ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడ రేవులపై బాంబులు వేసినవి. మరుసటి సంవత్సరము వంగదేశములో ఘోరమైన క్షామము. ధాన్యమును సేకరించి పంచక తప్పని స్థితి ఏర్పడినది. ఆ అవసరము నిజమైనదే, దానిని ఎవరును కాదనలేరు. నిజాము సంస్థానములో అమలైన పద్ధతి పేరు లెవీ. రైతు తన పంటలో ఇంత భాగమును సర్కారు నిర్ణయించిన ధరకు అప్పగించి తీరవలెను. నేటికిని తెలంగాణపు వృద్ధులు దానిని లెవీ గల్లా అనియే చెప్పుకొందురు.

లెక్కలన్నియు పటేలు, పట్వారీల దస్తరములలో ఉండెడివి. వారిపై ఊరివారు ఎన్నుకొన్న సంఘము ఏదియు లేదు. ఎవరి పొలములో ఎంత పండినదో, ఎవరు ఎంత ఇయ్యవలెనో చదివి వినిపించు సభయు లేదు. ఫలితము తెలిసినదే. వందల ఎకరముల దొర గల్లా కొట్టములలోనే నిలిచినది; రెండెకరముల రైతు ఇంటి గింజలు బండి కెక్కినవి. పంట పండనివాడు బజారులో ఎక్కువ ధరకు కొని లెవీ తీర్చవలసిన దుస్థితి కలిగెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట విజృంభించిన రైతాంగ పోరాటమునకు భూమి, వెట్టిచాకిరులతో పాటు ఈ అక్రమ లెవీయు ఒక కారణము. యుద్ధకాలపు సరకుల కట్టడి అమెరికా పట్టణమున సణుగుడుతో ముగిసినది, మనకడ ధాన్య సేకరణ తిరుగుబాటుకు దారితీసినది. రెండు దేశముల దారిద్ర్యములో గల భేదమును మరువరాదు. అయినను కాగితము ఎవరి చేతిలోనున్నది, దానిని ఎందరు చూడగలిగిరి అను భేదము తక్కువది కాదని నా అభిప్రాయము.

పదునారేండ్లు గడచినవి. 1962 అక్టోబరు 20వ తేదీన చైనా సేనలు మన సరిహద్దులపై దాడి చేసినవి. 26న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. మరునాడే జాతీయ రక్షణ నిధి ఏర్పడినది. ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోనికి వచ్చి అప్పటికి మూడేండ్లు. తెలంగాణపు గ్రామ పంచాయతీలు 1956 నాటి హైదరాబాదు చట్టము క్రింద నడచుచుండెను. ఎన్నికైన పంచాయతీలకు ఇది మొదటి యుద్ధ పరీక్ష.

ఆనాడు గ్రామమునుండి కోరిన ధనము ఒకే రకమైనది కాదు. రక్షణ నిధికిచ్చునది దానము. ఇచ్చినవాని ఇష్టము, తిరిగి రాదు. రక్షణ సర్టిఫికెట్లు, బంగారు బాండ్లు కొనుట అప్పిచ్చుట. గడువునకు వడ్డీతో సహా తిరిగివచ్చును. 1963లో వచ్చిన నిర్బంధ డిపాజిట్ పథకము మూడవ రకము. ఇచ్చి తీరవలెను, తరువాత తిరిగివచ్చును. భూమిశిస్తు కట్టు రైతులను కూడ మొదట దానిలో చేర్చి, అసంతృప్తి రేగగా కొలది నెలలకే వారిని విడిచిపెట్టిరి. దానము, అప్పు, నిర్బంధము అను ఈ మూడింటిని వేరుచేసి చెప్పుట సభ్యుని మొదటి విధి. అక్షరము రాని రైతు తాను కట్టినది ఏదో తెలియక కట్టినయెడల, అది ఎంత మంచి కార్యమునకు పోయినను, ఆ మోసములో పంచాయతీకి పాలున్నట్లే.

నాడు దేశమంతట స్త్రీలు గాజులు, గొలుసులు తీసి ఇచ్చిరి. ఇట్టి వస్తువులను పుచ్చుకొనునప్పుడు సభ ఎదుటనే తూచి, తులములలోగాని గ్రాములలోగాని బరువు వ్రాసి, రసీదు ఇయ్యవలెను. రసీదుపై ఇచ్చిన స్త్రీ పేరే ఉండవలెను. భర్త పేరో, ఇంటి పెద్ద పేరో కాదు. ఇది చిన్న మాటగ తోచవచ్చును గాని, సొమ్ము ఆమెది.

ధనముకంటె చిక్కైనది శ్రమ. 1963 జనవరి 26వ తేదీన గ్రామ సహాయక దళ పథకము ప్రారంభమైనది. పంట పెంచుట, ప్రజలకు విషయములు తెలుపుట, ఊరి కాపుదల దాని ఆశయములు. దానితోపాటు వచ్చిన రక్షణ శ్రమ బ్యాంకులో పనిచేయగల ప్రతివ్యక్తి కొన్ని దినముల శ్రమను దానము చేయవలెనని కోరిరి. ఆలోచన మంచిదే, బావులు, బాటలు, కాలువలు ఊరికే మిగులును. కాని తెలంగాణములో కూలి లేని పని అనగానే వెట్టి జ్ఞాపకమునకు వచ్చును. దొర గడీలో వెట్టి చేసినవారు ఆనాటికి నడివయసు వారు. దేశ రక్షణ పేరుతో పారపట్టుమని పిలిచినవాడు అదే గడీవాడైన, విన్నవానికి ఏమి తోచును? రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. ప్రజాప్రయోజనమునకై రాజ్యము నిర్బంధ సేవను విధింపవచ్చునని అదే అధికరణము చెప్పుచున్నది గాని, అందు మతము, జాతి, కులము, వర్గము అను భేదము చూపరాదు. ఆ అధికారము రాజ్యమునది. తీర్మానము చేసి నిర్బంధించుటకు పంచాయతీకి హక్కు లేదు. శ్రమదానమునకు పిలుచు సభ్యుడు ముందుగ తాను గంప ఎత్తవలెను. హాజరుపట్టీలో దళితవాడ పేర్లే నిండియున్నచో, పథకము పేరు ఏదైనను అది వెట్టియే.

సైనికుల కుటుంబముల విషయములో పంచాయతీ చేయదగినది చాల కలదు, చేసినది తక్కువ. కొడుకు సరిహద్దున నుండగా గట్టు జరిపి పొలము కలుపుకొను పొరుగువాడు ప్రతి తాలూకాలోను ఉండును. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము ఇట్టివారికి కొంత రక్షణ నిచ్చుచున్నది. యుద్ధ విధిలోనున్న సైనికునిపై దావా వచ్చినపుడు, అతని తరఫున ఎవరును లేనియెడల, కోర్టు విచారణను ఆపవలసియుండును. అమెరికాలోను 1940లో ఇట్టి చట్టమే చేసిరి. సైనికుని తండ్రికి ఈ సంగతి తెలియదు. సమను వచ్చిన నాడు చెప్పుటకు సభ్యునికైనను తెలిసియుండవలెను. మన ఊరినుండి సైన్యములో ఉన్నవారెందరు, వారి ఇంట నున్నవారెవరు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వారి వివరములు చేరినవా, అను పట్టికను శాంతికాలముననే తయారుచేసికొనుట సులభము.

1968 నాటి పౌర రక్షణ చట్టము క్రింద ఆజ్ఞలు జిల్లా అధికారుల నుండి వచ్చును. దీపములార్పుట, జనమును తరలించుట పంచాయతీ తనంతట తాను తలపెట్టు పనులు కావు. ఆజ్ఞ వచ్చిన పిదప ఏ బడి తాళము ఎవరి యొద్ద నున్నది, కరెంటు పోయినపుడు నీరు ఇయ్యగల చేదబావి ఊరిలో మిగిలినదా, నడువలేని వృద్ధులు ఏయే ఇండ్లలో నున్నారు అని అడిగినపుడు జవాబు చెప్పగలిగినవారు మాత్రము వార్డు సభ్యులే. తెలంగాణములో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి కూడవలెను. యుద్ధ చందాల లెక్కగాని, సరకుల పంపిణీ జాబితాగాని ఆ సభలో పేరు పేరున చదువుటకు వేరే అనుమతి అక్కరలేదు.

మరియొక సంగతి. యుద్ధముకొరకు పెట్టిన సంఘములకు అంతము కూడ వ్రాసియుండవలెను. అమెరికాలో టైర్ల కట్టడి 1945 సంవత్సరాంతమునకు తొలగినది. చక్కెరకు 1947 వరకు చీటీలు తప్పలేదు. మనకు 1962 పోరాటము ఒక నెలయే నడచినది. చైనా నవంబరు 21న కాల్పులు విరమించినది. ఆనాడు ప్రకటించిన అత్యవసర పరిస్థితి మాత్రము 1968 జనవరి వరకు తొలగలేదు. నడుమ 1965లో మరియొక యుద్ధము వచ్చినమాట నిజము. కనుక చందా సంఘమునో, పంపిణీ సంఘమునో నియమించు తీర్మానములోనే అది ఏ తేదీవరకు పనిచేయునో, మిగిలిన సొమ్ము ఏ ఖాతాకు పోవునో, పుస్తకములు ఎవరికి అప్పగింపవలెనో వ్రాసి, చదివి వినిపించి, హాజరైన సభ్యులందరిచేత సంతకములు చేయించవలెను.