పోకడ: ప్రవర్తనలోను కావ్యంలోను

మేనరిజం అనే ఆంగ్లపదానికి తెలుగులో ఏకపద పర్యాయం స్థిరపడలేదు. మాటలో అది ఊతపదం, నడవడిలో వాటం, కళలో ధోరణి. ఈ మూడింటికీ చెల్లదగిన మాట పోకడ. అది ఎప్పుడు గుణమో, ఎప్పుడు దోషమో నిర్ణయించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. కడప మండలంలోని మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలవారు 'యాడికి', 'వస్తాండాడు' అంటారు. అది వారందరి సొత్తు కనుక మాండలికమే గాని పోకడ కాదు. ఆ పలుకుబడిలోనే మాట్లాడుతూ ఒకడు ప్రతివాక్యం చివర 'అర్థమైందా' అని చేరిస్తే అది ఆతని పోకడ. వినేవాని అవగాహనను తెలుసుకోవడానికి పుట్టిన ఆ మాట, క్రమంగా ఎదుటివాడు తలయూపినా ఊపకపోయినా వస్తూనే ఉంటుంది. ప్రయోజనం నశించి రూపం మిగలడమే దాని లక్షణం. గణపూరణకై పద్యంలో చొరబడే వ్యర్థపదమూ ఈ జాతిదే.

నాట్యంలోను ఇదే న్యాయం. శాస్త్రనియతమైన హస్తాభినయం నాట్యధర్మి. ప్రేక్షకుడు ఎరిగిన సంకేతం. నటుడు ఏ పాత్ర ధరించినా ఒకే తీరున బొమలెగరవేస్తే అది పోకడ.

ఆలంకారికులు ఈ విషయాన్ని రీతి, మార్గ విచారంలో స్పృశించినారు. వామనుడు రీతిని కావ్యాత్మగా ప్రతిపాదించి, వైదర్భి, గౌడీయ, పాంచాలి అని దేశనామాలతో వ్యవహరించినాడు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో ఈ దేశవిభాగాన్ని నిరసించి, మార్గభేదానికి కవిస్వభావమే మూలమని సిద్ధాంతీకరించినాడు. ఆతడు చెప్పిన సుకుమార, విచిత్ర, మధ్యమ మార్గాలలో విచిత్రం అతిదుష్కరం. ఆ నడకను కత్తియంచుపై సంచారంతో పోల్చినాడు. ఆనందవర్ధనుడు రసావేశంలో వేరు ప్రయత్నం లేకుండ సిద్ధించిన అలంకారాన్నే ధ్వనికి అంగంగా అంగీకరించినాడు. కనుక స్వభావజన్యమైన పోకడ మార్గం. ప్రత్యేకయత్నంతో తగిలించిన పోకడ దోషం.

ఈ భేదానికి తెలుగు ప్రబంధచరిత్రలో స్పష్టమైన నిదర్శనం కలదు. రామరాజభూషణుడు 16వ శతాబ్దంలో తిరుమలరాయలకు అంకితమిచ్చిన వసుచరిత్ర శ్లేషకు పెట్టింది పేరు. ఆ కథలో కోలాహలం పర్వతమూ, ప్రియుడూ. శుక్తిమతి నదియూ, వనితయూ. వస్తువే ద్వ్యర్థి కావడంచేత శ్లేషకు కథలోనే పీఠం ఏర్పడింది. అనంతరకాలంలో ఆ అచ్చులో వచ్చిన ప్రబంధాలను పండితులు 'పిల్ల వసుచరిత్రలు' అన్నారు. వాటి కర్తలకు పాండిత్యలోపం లేదు. శ్లేష వచ్చింది, దానిని కోరిన వస్తువు రాలేదు.

ఇది తెలుగువారికే పరిమితమైన స్థితి కాదు. ఆ శతాబ్దంలోనే ఇటలీ చిత్రకళలో, ప్రకృతిని గాక పూర్వాచార్యుల 'మనియెరా'ను, అనగా చేతివాటాన్ని, ఆదర్శంగా గ్రహించిన ధోరణి ప్రబలింది. మేనరిజం అనే పేరు ఆ పదంనుండి వచ్చినదే. పార్మిజానీనో చిత్రించిన 'పొడవు మెడ మేరీమాత' అందుకు ప్రసిద్ధోదాహరణ.

ప్రత్యుదాహరణం మైలవరానికి చేరువనే ఉన్నది. ప్రొద్దుటూరులో నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) శివతాండవంలో శబ్దావృత్తిని విరివిగా వాడినారు. అయినా తాండవభాగంలో ఉద్ధతంగా సాగిన నడక, శివాలాస్యంలో మృదువవుతుంది. కవి ఒక్కడే, వస్తువు మారగానే పదం మారింది. వస్తువు మారినప్పుడు తానూ మారేది మార్గం, మారనిది ఊతపదం. పరీక్ష ఇదే.

ప్రాచ్యకళాశాలలలో పద్యరచన నేర్పేవారికి ఈ పరీక్ష ఉపయోగకరం. ఒకే విద్యార్థిచేత కరుణం ఒకటి, వీరం ఒకటి వ్రాయించి, రెండింటిలోను కదలక నిలిచిన సమాసాలను గుర్తింపజేయాలి. రసానికి సంబంధంలేక చేతికి మాత్రమే అలవడిన పదాలు అప్పుడు వానికే కనిపిస్తాయి. ప్రౌఢసమాసం కనబడగానే మార్కులు వేసే పద్ధతి ఈ దోషాన్ని పెంచుతుంది. గురువు కంఠస్వరాన్ని, తలపంకింపును శిష్యుడు తెలియకయే గ్రహించడం పాఠశాలలలో ఎల్లరెరిగినదే. స్వరం సంక్రమించి వివేచన సంక్రమించకపోతే, ఆ శిష్యునికి దక్కినది విద్య కాదు, పోకడ మాత్రమే.