టర్బోఛార్జరు చెడుటకు కారణములు

భావనపాడు రేవునుండి చేపలను, నౌపడ మళ్లనుండి ఉప్పును మోసికొనిపోవు డీజిలు లారీలను విద్యార్థు లెఱుగుదురు. అట్టి బండ్ల యింజనులకు బలము నిచ్చు టర్బోఛార్జరును గూర్చి యిచట వివరింతుము. దీనికి స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను.

ఇంజనునుండి వెడలు వేడిపొగ యొక చక్రమును త్రిప్పును. అదే యిరుసున నున్న రెండవ చక్రము గాలిని ఒత్తి యింజనులోనికి పంపును. ఆ యిరుసు నిమిషమునకు సుమారు లక్ష చుట్లు తిరుగగలదు. దానిని అరుగకుండ కాపాడునది పలుచని నూనెపొర.

గాలి చాలనిచో నల్లపొగయు, నూనె లోనికి కాఱినచో నీలిపొగయు వెడలును. బలము తగ్గును, ఈలవంటి ధ్వని పుట్టును. అంతట బండిని నిలుపవలెను. ఏలయన, కాఱిన నూనెయే యింధనమై, తాళము త్రిప్పినను ఇంజను ఆగక పరుగెత్తవచ్చును.

క్రొత్తది బిగించుటకు ముందు పాతది యేల చెడెనో పరీక్షింపవలెను. నూనెగొట్టము పూడినదా? నూనె సకాలమున మార్చిరా? గాలివడపోత చినిగి యిసుక చొచ్చినదా? బరువుతో దూరము నడిచిన యింజనును వెంటనే ఆర్పిరా? ఆర్పుటకు ముందు ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చిన ఇరుసు చల్లబడును. కారణమును తొలగింపనిచో క్రొత్తదియు పాతదాని త్రోవనే పట్టును, రెండవమాఱు సొమ్ము వ్యయమగును.