ఓటమిని చదువుకొన్న సేనాని

గెలిచిన సేనానులు స్వయముగా వ్రాసికొన్న చరిత్రలలో రెండు గుణములు తరచుగా కానవచ్చును: ఫలించిన యూహలన్నియు తమవే యని చెప్పుకొనుట యొకటి, ఫలింపనివానికి పై యధికారినో క్రింది యుద్యోగినో బాధ్యుని జేయుట రెండవది. ఫీల్డ్ మార్షల్ విలియమ్ స్లిమ్ 1956లో ప్రకటించిన బర్మా యుద్ధచరిత్రమున ఈ రెండును లేకపోవుటయే గాక, తన పొరపాటు ఎచ్చట జరిగెనో, ఏ కారణమున జరిగెనో, దాని ఫలమును ఎవరనుభవించిరో రచయితయే విప్పి చెప్పుట చూచి చదువరి విస్మయము నొందును. వ్యక్తిత్వమును తీర్చిదిద్దుకొనగోరు యువకునకు ఆయన జయించిన యుద్ధములకంటె ఈ యొక్క స్వభావమే ఎక్కువ ఉపకరించునని నా దృఢమైన నమ్మకము.

స్లిమ్ 1891లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున ఇనుపసామానుల వర్తకుని యింట జన్మించెను. సైనిక కళాశాలలో చేర్పించి చదివించుటకు కుటుంబమునకు స్తోమతు లేదు. బర్మింగ్‌హామ్‌లో బీదపిల్లల బడిలో ఉపాధ్యాయుడుగా, పిమ్మట లోహపు గొట్టములు తయారుచేయు సంస్థలో గుమాస్తాగా దినములు గడిపిన యీ యువకునకు 1914లో ఆరంభమైన మహాయుద్ధమే సైనికాధికారి పదవిని తెచ్చిపెట్టెను. గాలిపోలీలో నొకసారి, మెసొపొటేమియాలో మరియొకసారి గాయపడి, యుద్ధానంతరము భారతసైన్యమునకు మారి గూర్ఖా పటాలమున చేరెను. జీతము చాలక మారుపేరుతో పత్రికలకు కథలు వ్రాసి యమ్ముకొన్న దినములును గలవు. పేదరికమును చూచినవాడు గనుకనే కాబోలు, సిపాయిలతో వారి భాషలలోనే మాటలాడుట ఆయనకు జీవితాంతము వరకు సహజమై యుండెను.

1940 నవంబరులో సూడాన్ సరిహద్దునందలి గల్లాబాత్ కోటపై స్లిమ్ తన బ్రిగేడును నడిపించెను. కోట చిక్కెను, కాని ట్యాంకులు రాళ్లలో చెడిపోగా, ఇటలీ విమానములు పైనుండి విడువక కొట్టగా, ఎదుటనే యున్న మెతెమ్మాపై దాడి సాగింపవలెనా వలదా యను ప్రశ్న యుదయించెను. జాగ్రత్త చెప్పినవారి మాట విని ఆయన వెనుకకు తగ్గెను. చెప్పుకొనుటకు సాకులు కావలసినన్ని యుండెను. వానిని విని తప్పుపట్టువారును లేరు. అయినను అనంతరకాలమున ఆ యుదంతమును వ్రాయుచు, ఆ వైఫల్యమునకు తానే కారణమనియు, ముందున్న రెండు మార్గములలో ధైర్యమును ఎక్కువగా కోరిన దానిని విడిచి శంకకు లోబడితిననియు స్పష్టముగా నొప్పుకొనెను.

పరీక్ష తప్పిన విద్యార్థి ప్రశ్నపత్రమును, ఉద్యోగము రానివాడు సిఫారసులను, వ్యాపారము చెడినవాడు గ్రహములను నిందించుట లోకమున నిత్యము చూచుచునే యున్నాము. ఆ నిందలలో కొంత నిజముండవచ్చును. ఐనను ఆ నిజము మనకు ఏమియు నేర్పజాలదు, ఏలయన దానిని మార్చుట మన చేతిలో లేదు. జరిగిన నష్టములో నా పాలెంత యని ఏకాంతమున వ్రాసికొని చూచుకొన్నవానికి మాత్రమే మరునాడు చేయవలసిన పని యొకటి దొరకును.

1942 మార్చిలో స్లిమ్ బర్మా కోర్ అను సేనావిభాగపు నాయకత్వము వహించునాటికే రంగూను జపానువారి వశమై యుండెను. అచ్చటినుండి ఇంఫాలు వరకు సుమారు 900 మైళ్లు వెనుకకు నడచుటయే ఆయన పాలబడిన పని. యెనాంగ్‌యాంగ్ వద్ద నూనెబావులను తమ చేతులతోనే తగులబెట్టవలసి వచ్చెను. అచ్చటనే నిప్పులు చెరగు ఎండలో, నీరులేక, శత్రువుల నడుమ చిక్కుకొన్న డివిజనునకు చైనా సేనాని సున్ లీజెన్ తోడు రావలసి వచ్చెను. అదే ఋతువున, రంగూను రేవునందును బియ్యపు మిల్లులయందును కాయకష్టము చేసి బ్రతికిన మన తెలుగువారు వేలకొలది, పిల్లలను భుజములపై నెత్తుకొని, కొండదారులలో స్వదేశమునకు నడచి వచ్చిరి. దారిలో రాలిపోయినవారి లెక్క సరిగా వ్రాసినవారు లేరు. మే మాసమున, వానలు మొదలగు తరుణమున, చిరిగిన దుస్తులతో, ఎముకలు తేలిన దేహములతో, చేతి తుపాకులు మాత్రము విడువక ఇంఫాలు చేరుచున్న కడపటి దళములను స్లిమ్ దారిప్రక్కన నిలిచి చూచెను.

వర్తకుడు దినాంతమున లెక్క సరిచూచుకొన్నట్లు ఆయన ఆ పరాజయమును సరిచూచుకొనెను. అడవిని శత్రువు ఆశ్రయముగా వాడుకొనగా, తమవారు దానిని దాటరాని గోడగా భావించిరి. మోటారు బాటలను అంటిపెట్టుకొనుటచేత, వెనుక దారి మూసికొనిపోయినంతనే గుండె జారి వెనుదిరిగిరి. కనుక ఇకమీదట చుట్టుముట్టబడిన దళము కదలక నిలువవలెననియు, దానికి ఆహారమును మందుగుండును ఆకాశమార్గమున దింపవలెననియు, వంటవాడు మొదలు గుమాస్తా వరకు ప్రతివాడును తుపాకి పట్టవలెననియు నిశ్చయించి, రాంచీ ప్రాంతపు అడవులలో నెలల తరబడి ఆ విద్యను నేర్పెను. ఆ శిక్షణనుండి తన కార్యాలయపు సిబ్బందిని సైతము మినహాయింపలేదు.

1943 అక్టోబరులో పదునాలుగవ సైన్యము ఆయన చేతికి వచ్చునప్పటికి ఆ సేనను క్షీణింపజేయుచుండినది జపాను తుపాకులకంటె జ్వరము. గాయపడి ఆసుపత్రికి పోవువాడొకడైన, రోగములచేత పోవువారు నూటయిరువది మంది యుండిరి. మెపాక్రిన్ అను మాత్రను దినమున కొకటి మింగిన మలేరియా అణగియుండును. కాని దానివలన పుంస్త్వము పోవునను పుకారు పుట్టి సిపాయిలు దానిని నేలపాలు చేయుచుండిరి. స్లిమ్ సిపాయిలను దండింపలేదు. ఆకస్మికముగా పటాలమంతటిని పరీక్షింపజేసి, నూటికి తొంబదియైదుగురి యందైనను మందు జాడ కానరానిచో ఆ పటాలపు అధికారినే పదవినుండి తొలగించెను. ముగ్గురను తొలగించుసరికి తక్కినవారందరికిని విషయము బోధపడెను. క్రింది వాని అశ్రద్ధకు పై వాడు జవాబుదారి యను ధర్మమును ఇంత నిక్కచ్చిగా నాచరణలో పెట్టిన యుదాహరణము మరియొకటి నాకు తోచదు. ఆ ధర్మమును తనకును వర్తింపజేసికొనెను: యుద్ధముఖమున నున్న దళములకు సగము రేషను మాత్రమే అందిన దినములలో తన ప్రధాన కార్యాలయమునందును సగమే వడ్డింపవలెనని ఆజ్ఞాపించెను. పట్టు పారాచూట్లు చాలనప్పుడు కలకత్తా మిల్లులలో జనపనారతో వానిని చేయించెను.

1944లో ఇంఫాలు, కొహిమాల యుద్ధము వచ్చెను. ఆజాద్ హింద్ ఫౌజు ఆవలి పక్షమున నిలిచి యుండుటచేత ఆ కొండలలో భారతీయుడే భారతీయునకు ఎదురు నిలిచెను. ఈ వృత్తాంతమును మన దేశమునకు చెందినవాడెవ్వడును మనస్సు కలుక్కుమనకుండ చదువజాలడు. సుమారు 85,000 మందితో దండెత్తిన జపాను సైన్యము సగమునకు పైగా నాశమయ్యెను. స్లిమ్ కీర్తి స్థిరపడినది ఇచ్చటనే. ఐనను తాను రెండు విషయములలో తప్పు లెక్కవేసితినని ఆయనయే వ్రాసెను: ముందున్న డివిజనును వెనుకకు పిలుచుటలో ఆలస్యము చేయుట యొకటి, కొహిమాకు ఒక రెజిమెంటుకు మించి రాదనుకొనగా పూర్తి డివిజనే వచ్చిపడుట రెండవది. ఆ తప్పులను తన సైనికుల నిబ్బరము దిద్దెనని ఆయన నిస్సంకోచముగా చెప్పెను.

ఇట్టి మనస్సునకు తన యూహపై మోహము నిలువదు. ఐరావతీ నదికి ఈవలనే, షుయేబో మైదానమున శత్రువును చుట్టివేయుదునని తలచిన పన్నుగడ, జపానువారు నదికావలికి తొలగిపోవుటతో వ్యర్థముకాగా, ఆయన దానిని విడిచి, పశ్చిమపు లోయగుండ రహస్యముగా సేనను నడిపించి, పాతచోట ఉత్తుత్తి రేడియో సందేశములు మ్రోగించుచు, 1945 మార్చి మొదట మెయిక్టిలాను పట్టెను. మార్చి 20 నాటికి మాండలే, మే మొదటి వారమున రంగూను స్వాధీనమయ్యెను.

ఆ విజయము చల్లారకమునుపే పై యధికారియైన జనరల్ లీస్, స్లిమ్‌ను పదునాలుగవ సైన్యపు నాయకత్వమునుండి తొలగింప నిశ్చయించెను. అనుచరులు మండిపడిరి. స్లిమ్ బహిరంగముగ నొక్క నిరసనయైన పలుకలేదు. తుదకు ఆ నిర్ణయము రద్దయ్యెను. పిమ్మట లీస్‌నే వెనుకకు పిలిపించిరి, ఆయన ఖాళీచేసిన పదవికి ఆ యాగస్టులో స్లిమ్‌నే నియమించిరి.