ఇల్లు తాకట్టు పెట్టి శాంతి పాఠాలు వద్దు

‘పీస్ స్టడీస్ చేస్తే ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగం ఖాయమటగా?’ ఈమధ్య తల్లిదండ్రుల నోట తరచూ వింటున్న మాట ఇది. మొన్నటిదాకా ఈ చదువు పేరెత్తితేనే ‘అది చదివితే అన్నం ఎవరు పెడతారు’ అన్నవాళ్లే, ఇప్పుడు విదేశీ ఎమ్మే కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడానికి సిద్ధపడుతున్నారు. రెండూ తప్పే. రెండోదానికి పిల్లలు ఏళ్ల తరబడి వడ్డీ కడతారు.

కోస్టారికాలోని శాంతి విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పుతూ 1980లో తీర్మానం చేసింది ఐరాస సాధారణ సభే. ఆ ఒక్క సంగతి చెప్పి ఆశపెట్టేవాళ్లున్నారు. అక్కడ చదివినంత మాత్రాన ఐరాస కొలువు రాదు. యువతకు ఉన్న యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు 32 ఏళ్లు దాటకూడదు, పైగా ఏ దేశాలవారు రాయవచ్చో ఆ జాబితా ఏటా మారుతుంది. ఐరాస సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు. న్యూయార్క్‌లో అద్దె, తిండి, ఇక్కడ లోన్ వాయిదా, అన్నీ ఎవరు కట్టాలి? ఇంకోమాట. నియామకంలో ఏ దశలోనూ ఐరాస ఫీజు తీసుకోదు. ఆ పేరుతో ఎవరు డబ్బు అడిగినా అది మోసమే.

ఈ చదువు మీద ఆసక్తితో వచ్చే పిల్లలకు నేనొక పని అప్పజెబుతాను. ఒక చెరువు, దాని కింద రెండు ఊళ్లు. తూము దగ్గరి ఊరు నాట్లు వేసేసింది, చివరి ఆయకట్టుకు నీళ్లందలేదు, రాత్రి ఎవరో తూము పగలగొట్టారు. ‘కాగితం మీద ఈ గొడవ గీయి’ అంటాను. కొందరు రెండు ఊళ్లు గీసి మధ్యన గీత పెట్టి ఊరుకుంటారు. ఇంకొందరు నీరటిని గీస్తారు, గొడవ ఆగితే పలుకుబడి పోయే నాయకుణ్ని గీస్తారు, రెండు ఊళ్లకూ అప్పులిచ్చిన ఎరువుల వ్యాపారిని గీస్తారు. ‘వీళ్లు నీళ్లు అడుగుతున్నారు గానీ, వీళ్లకు కావాల్సింది ఏ రోజు వదులుతారన్న మాట’ అని ఒక అమ్మాయి కాగితం అంచున రాసింది. ఈ కోర్సుల్లో నేర్పేది సరిగ్గా ఇదే. ఆ అమ్మాయిని ఇంట్లో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు తోస్తున్నారంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఏ డిగ్రీ చదివినా చాలాచోట్ల ఈ పీజీకి అర్హులే. ఢిల్లీ జామియా మిలియాలోని నెల్సన్ మండేలా కేంద్రం, సిక్కిం విశ్వవిద్యాలయం మంచి చోట్లు. ఉద్యోగం మానలేనివారికి ఇగ్నోలో గాంధీ, శాంతి అధ్యయనాల ఎమ్మే ఉంది. ముందు వీటిలో చదవండి. తర్వాత రెండు మూడేళ్లు ఏదైనా స్వచ్ఛంద సంస్థలోనో, పునరావాస కాలనీలోనో పనిచేయండి.

విదేశం ఆ తర్వాతే, అదీ పూర్తి ఫెలోషిప్ వస్తేనే. రోటరీ పీస్ ఫెలోషిప్ ట్యూషన్ ఫీజు, వసతి, ప్రయాణ ఖర్చులు భరిస్తుంది. బ్రిటన్‌లో బ్రాడ్‌ఫర్డ్, స్వీడన్‌లో ఉప్సాలా వంటి పేరున్న చోట్ల చదివిస్తుంది. అయితే మాస్టర్స్‌కు కనీసం మూడేళ్ల పని అనుభవం కావాలి. డిగ్రీ అయిన మర్నాడే విమానం ఎక్కించాలనే తొందరకు ఇక్కడ చోటు లేదు. అమ్మో నాన్నో రోటరీ సభ్యులైతే పిల్లలకు అర్హత ఉండదు, ముందే చూసుకోండి.

నన్నడిగితే లా చదివి మధ్యవర్తిత్వంలోకి వెళ్లడం అన్నిటికన్నా గట్టి దారి. మధ్యవర్తిత్వ చట్టం 2023లో వచ్చింది. హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం 2021 నుంచి ఉంది. కోర్టుల అనుబంధ కేంద్రాల్లో కాపురాల తగాదాలు, ఆస్తి పంపకాలు తెలుగులోనే మాట్లాడుకుంటారు. ఒక పక్షం విడిగా చెప్పుకున్నది వాళ్ల అనుమతి లేకుండా రెండో పక్షానికి చేరకూడదు. ఆ గుట్టు నిలుపుతూనే ఇద్దరినీ ఒక బల్ల దగ్గరికి తేగలిగేవాళ్లు మన జిల్లా కోర్టుల్లో ఇంకా ఎందరో కావాలి.