రంగు తర్వాత, ముందు పాత కాగితం

మొన్న పొద్దున హైదరాబాద్ పత్తర్‌గట్టిలో మా బావ బట్టల దుకాణంలో కూర్చుని ఇరానీ చాయ్ తాగుతుంటే ఆయన కొడుకు, మా మేనల్లుడు వచ్చాడు. ఆ రోజు వాడికి ఇంటి నుంచే పని. చేతిలో ఫోను, ఫోను నిండా కార్లు.

"మామా, కంపెనీ లీజు బండికి నాలుగేండ్లు నిండుతున్నయ్. ఈసారి పెద్దది తీసుకుందామనుకుంటున్న. తెల్లది మంచిగుందా, బూడిద రంగుదా?"

నేను ఇరవై ఏళ్ళుగా పేరోల్‌లో జీతాల లెక్కలు చూస్తున్నవాణ్ణి. లీజు బండి మార్చుకుందామని వచ్చేవాళ్ళు మొదట రంగు అడుగుతారు, ఆ తర్వాత నెలకు ఎంత కోస్తారని అడుగుతారు. పాత బండి లెక్క ఎట్లా తెగుతుందని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా బావకు కార్ల సంగతి తెలియదు గానీ కిరాయిల సంగతి నరనరానా తెలుసు. పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. పగిడీ (దుకాణం పట్టేటప్పుడు ముందుగా కట్టే సొమ్ము), కిరాయినామా (అద్దె ఒప్పందం) అనే మాటలు ఇక్కడి పిల్లలకు ఎక్కాల కంటే ముందు వస్తాయి. బావ గుడ్డ మడతపెడుతూనే అన్నాడు: "కిరాయినామాల మొదటి పేజీ అందరు సూస్తరు. ఖాళీ చేసే పేజీ ఎవ్వడు సూడడు." కారు లీజుకు ఇంతకంటే మంచి సలహా నా దగ్గర కూడా లేదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడ. "ఒప్పందం ఉన్నదే కదా, బండి ఒక్కటే మారుతున్నది" అనుకుంటారు. ఒప్పందంలో రెండు పొరలుంటాయి. మీ సంస్థకూ లీజింగ్ కంపెనీకీ మధ్య ఒక మాస్టర్ అగ్రిమెంటు, దాని కింద ఒక్కో బండికి ఒక్కో షెడ్యూలు. బండి మారితే మాస్టర్ అట్లాగే ఉంటుంది, షెడ్యూలు మాత్రం పూర్తిగా కొత్తది. కొత్త గడువు, కొత్త అద్దె, కొత్త కిలోమీటర్ల పరిమితి, మధ్యలో తెంచుకుంటే కట్టాల్సిన కొత్త మొత్తం అన్నీ అందులోనే ఉంటాయి. మీ జీతాన్ని ముట్టుకునేది ఆ షెడ్యూలే. హెచ్‌ఆర్‌ను అడిగి పాత షెడ్యూలు కాపీ తెప్పించుకోండి. ఇవ్వడానికి నసిగినా వదలకండి, అది మీ జీతం కోసిన కాగితం.

ఆ కాగితాల్లో "రిప్లేస్‌మెంట్" అనే మాట ఒకటి ఉంటుంది. నన్ను ముంచిన మాట అదే.

2020 అక్టోబరులో పాతబస్తీ మీద పడ్డ వానలు ఎవరూ మరిచిపోలేదు. వీధుల్లో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోయాయి. ఆ వారంలోనే చుట్టాల ఇంటి సెల్లారులో పెట్టిన నా లీజు బండి అద్దాల దాకా మునిగింది. అప్పటికి దాని వయసు రెండేళ్ళ మూడు నెలలు. ఒప్పందంలో రిప్లేస్‌మెంట్ కారు ఇస్తామని రాసుంది కదా అని ధీమాగా ఉన్నాను. ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, బండి రిపేరులో ఉన్నన్నాళ్ళు తిరగడానికిచ్చే తాత్కాలికపు బండి అది. నా బండి రిపేరుకు పోలేదు, ఏకంగా పోయింది. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా వాళ్ళు దాన్ని మొత్తం నష్టం కింద రాసేస్తారు. అప్పుడు షెడ్యూలే ముగిసిపోతుంది.

ఆ బీమా విలువను, అంటే ఐడీవీని, బండి వయసును బట్టి తగ్గించుకుంటూ వస్తారు. ఆరు నెలల దాకా 5 శాతం, ఏడాది దాకా 15, రెండేళ్ళ దాకా 20, మూడేళ్ళ దాకా 30, నాలుగేళ్ళ దాకా 40, ఐదేళ్ళ దాకా 50. నా బండి ధర 9 లక్షలు. ముప్ఫై శాతం పోను 6 లక్షల 30 వేలు వచ్చింది, అదీ నాకు కాదు, యజమాని అయిన లీజింగ్ కంపెనీకి. లీజు ముందే తెంచినందుకు వాళ్ళ లెక్కలో తేలింది 6 లక్షల 80 వేలు. తేడా 50 వేలు నా జీతంలోంచి మూడు విడతల్లో పోయింది. బండి లేదు, బాకీ మాత్రం ఉంది.

అందుకే కొత్త షెడ్యూలు మీద సంతకం పెట్టేముందు బీమా పత్రంలో రెండు అదనపు కవర్లు ఉన్నాయో లేదో చూడండి. ఒకటి రిటర్న్ టు ఇన్వాయిస్. బండి మొత్తంగా పోతే ఐడీవీకీ కొన్న బిల్లుకీ మధ్య తేడా ఇది ఇస్తుంది. రెండోది ఇంజన్ ప్రొటెక్ట్. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీరుపోయి పాడవుతుంది, మామూలు పాలసీ దాన్ని చెల్లించదు. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండే నీటిలో మునిగింది. ఆ నదికి కూతవేటు దూరంలో బండి నిలిపేవాళ్ళు ఈ రెండు కవర్ల దగ్గర పొదుపు చూసుకోకూడదని నా మాట.

మేనల్లుడు ఫోను పక్కన పెట్టాడు. "అయితే పాత బండి నేనే కొనుక్కుంటే?"

ఇది మంచి ప్రశ్న. గడువు తీరాక ఏ ధరకు బండి మీకివ్వొచ్చో షెడ్యూల్లో ముందే రాసి ఉండొచ్చు, దాన్ని రెసిడ్యువల్ వాల్యూ అంటారు. కొన్ని లీజుల్లో కొనే హక్కే ఉండదు, ఉంటే ఆ అంకెను బజారు ధరతో పోల్చాలి. ఇప్పుడు దీనికి ప్రత్యేక కారణం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవుండి 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజను, లేదా 1,500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు చిన్న పెట్రోలు బండికి సెస్సుతో కలిపి 29 శాతం. పన్ను లేకుండా లక్ష అయ్యేది అప్పుడు 1,29,000, ఇప్పుడు 1,18,000. కొత్త బండే దిగితే పాతదాని ధర నిలబడదు కదా. కానీ మీ షెడ్యూల్లోని అంకె నాలుగేళ్ళ కిందటి ధర మీద వేసింది, అది కదలదు. పాత బండ్లు కొనే ఇద్దరి దగ్గరకు తీసుకెళ్ళి ధర అడగండి. షెడ్యూలు అంకె, దానిమీద జీఎస్టీ, పేరు మార్పిడి ఖర్చు కలిపినా బజారు ధర కంటే తక్కువైతే కొనుక్కోండి. ఎక్కువైతే బండి మీద ఎంత మమకారం ఉన్నా తాళం ఇచ్చేయండి.

ఇంకో చిన్న సంగతి. కారు లీజు అద్దె మీద జీఎస్టీ కూడా ఆ కారుకు ఉన్న రేటే. కార్ల మీద కట్టిన జీఎస్టీని సంస్థలు సాధారణంగా వెనక్కి తీసుకోలేవు, ఆ భారం మీ జీతం లోపలే ఉంటుంది. చిన్న బండి నడుపుతున్నవాళ్ళు ఆ సెప్టెంబరు తర్వాత మీ కోత తగ్గిందో లేదో ఒకసారి జీతం చీటీలు పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గకపోతే పేరోల్‌కు రాయండి. మాకు వచ్చే ఉత్తరాల్లో అర్థవంతమైనవి ఇట్లాంటివే.

పన్ను సంగతి పొడిగా చెప్పేస్తాను. సంస్థ లీజు బండిని ఆఫీసుకూ సొంతానికీ కలిపి వాడుకుంటే, ఖర్చులు సంస్థవే అయితే, 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో పన్ను కోసం మీ జీతానికి కలిపే దాని విలువ 1.6 లీటర్ల లోపు ఇంజనుకు నెలకు 1,800 రూపాయలు, దాటితే 2,400, డ్రైవరుంటే మరో 900 ఉండేది. మీకు మిగిలిన పన్నంతా ఈ చిన్న అంకెల పుణ్యమే. 2026 ఏప్రిల్ 1 నుంచి లెక్క 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టానిది. అందుకని నాలుగేళ్ళ కిందటి లాభం గుర్తుపెట్టుకుని ఇప్పుడు పెద్ద బండికి ఎగబడకండి, ఈ ఏడాది అంకె ఎంతో అడిగి అప్పుడు లెక్క వేయండి. ఎలక్ట్రిక్ బండికి సీసీ అన్నదే ఉండదు కాబట్టి, దాన్ని ఏ వరుసలో వేస్తున్నారో రాతపూర్వకంగా అడగండి.

ఇక బండి ఎంపికకు వద్దాం. మా వాడి ఇల్లు లాల్‌దర్వాజా గల్లీలో. వాడు మనసుపడ్డది క్రెటా. మా బావ దుకాణంలో గుడ్డ కొలిచే మీటరు కడ్డీ తీసి చేతికిచ్చాను. "పక్కింటి అరుగుకూ కరెంటు స్తంభానికీ మధ్య కొలిచి రా" అన్నాను. గంట తర్వాత వచ్చి రెండు మీటర్ల ఐదు సెంటీమీటర్లన్నాడు. క్రెటా వెడల్పు అద్దాలు కలపకుండా 1,790 మిల్లీమీటర్లు. రెండు పక్కలా మిగిలేది పదమూడేసి సెంటీమీటర్లు. అద్దాలు మడిచి, ఊపిరి బిగబట్టి పోవాలి. వ్యాగన్‌ఆర్ 1,620, దానికి పక్కకు ఇరవై ఒకటిన్నర మిగులుతుంది. సొంత బండికి గీత పడితే మనసు నొచ్చుకుంటుంది, అంతే. లీజు బండి అప్పగించే రోజు ప్రతి గీతకూ రేటు కడతారు. పైగా నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు, డీజిల్ బండికి జీఎస్టీ 40 శాతం.

ఎలక్ట్రిక్ బండ్లకు తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జీఎస్టీ 5 శాతమే. లెక్కకు ఇంతకంటే ఊరించేది లేదు. కానీ రాత్రి బండి ఇంటి ముందు కాకుండా గల్లీ మొదట్లో నిలుపుకునేవాడు చార్జింగు తీగ ఎక్కడినుంచి లాగుతాడు? ఆఫీసులో చార్జరు ఉంటే, అదీ వారంలో మూడు రోజులైనా మీకు దొరుకుతుందంటేనే ఆలోచించండి.

కిలోమీటర్ల పరిమితి కూడా మళ్ళీ వేసుకోవాలి. లాల్‌దర్వాజా నుంచి హైటెక్ సిటీకి పోనూ రానూ నలభై కిలోమీటర్లు వేసుకుందాం. నెలకు 22 రోజులైతే 880. వాడిప్పుడు పోయేది 12 రోజులే, అంటే 480. వానాకాలంలో కొన్ని రోజులు ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం పోతున్నాడు. నాలుగేళ్ళ కింద తీసుకున్న పరిమితే మళ్ళీ తీసుకుంటే తిరగని కిలోమీటర్లకు అద్దె కట్టినట్టు.

ఇంత చెప్పాక వాడు గొంతు తగ్గించాడు. తండ్రి గల్లాపెట్టె దగ్గరికి పోయేదాకా ఆగి, "మామా, ఇంకో కంపెనీల ఇంటర్వ్యూలు నడుస్తున్నయ్" అన్నాడు.

ఈ ముక్క ముందే చెప్పుంటే ఇద్దరం చాయ్ తాగి లేచేవాళ్ళం. 48 నెలల షెడ్యూలు మీద సంతకం పెట్టి ఎనిమిదో నెలలో రాజీనామా ఇస్తే ఏమవుతుంది? కొత్త సంస్థ అదే లీజింగ్ కంపెనీతో పనిచేస్తూ, మీ బండిని తన పేరు మీదకు మార్చుకోవడానికి ఒప్పుకుంటే బతికిపోతారు. లేకపోతే మిగిలిన మొత్తం తెంపుడు రుసుముతో సహా ఆఖరి జీతంలో, గ్రాట్యుటీ చేతికందకముందే లెక్కకొస్తుంది. మొదట్లో కట్టే అద్దెలో వడ్డీ వాటా తర్వాతి కంటే ఎక్కువగా ఉంటుంది గనుక అసలు మెల్లగా తగ్గుతుంది. అందుకే బండిని చూసి గడువు వేసుకోవద్దంటాను. ఉద్యోగంలో ఇంకెన్నాళ్ళు ఉంటారో చూసుకుని గడువు వేసుకోండి, ఆ గడువుకు తగ్గ బండి ఎంచుకోండి. రెండేళ్ళకు మించి నమ్మకం లేకపోతే 24 నెలల షెడ్యూలు అడగండి, నెలకోత ఎక్కువైనా సరే.

మా వాడికి నేను చెప్పిన తీర్పు: ఇప్పుడు ఏ బండీ వద్దు. ఉన్నదాన్నే ఆరు నెలలు పొడిగించమని రాయి, బండి పాతబడింది కాబట్టి అద్దె తగ్గించమని అడుగు. ముఖం వేలాడేశాడు గానీ సాయంత్రానికి మెయిల్ పెట్టాడు.

మీరు మారుస్తున్నట్టయితే తేదీలు జాగ్రత్త. కొత్త బండి డెలివరీ ఆలస్యమైతే పాతది అదే అద్దెకు ఉంచుకోవడానికి ముందే రాతలో ఒప్పుకోలు తీసుకోండి. పాతది ఇచ్చేముందు ఈ-చలాన్లు కట్టేయండి, మీ ఫాస్టాగ్ మూయించండి. అప్పగించేచోట బండి నాలుగు వైపులా ఫొటోలు తీయండి, మీటరులో కిలోమీటర్లు కనబడేలా ఒకటి తీయండి. రసీదు మీద తేదీ, సమయం, కిలోమీటర్లు రాయించుకుని సంతకం పెట్టించుకోండి. ఆ రసీదు పేరోల్‌కు చేరేదాకా మా లెక్కలో పాత బండి మీ దగ్గరే ఉన్నట్టు. నెలాఖరుకు రెండు అద్దెలూ ఒకే జీతంలోంచి పోతాయి.