ఏరిన బియ్యము – బడిపిల్లల యాత్ర

కాయకము చేయక ఫలము కోరరాదనియు, కాయకమున లభించినది దాసోహమునకు చెల్లవలెననియు శరణుల బోధ. ఈ రెండు మాటలు మన గృహములలో తరచుగా వినబడునవే. ఇవి మఠముల అన్నసత్రములకే గాక, పల్లెటూరి పాఠశాలలో పేదపిల్లల విహారయాత్రకై సేకరించు చందాకును ఎట్లు వర్తించునో ఈ పాఠమున పరిశీలింతము. ఇందులకు ఆధారము ఆయ్దక్కి లక్కమ్మ కథ.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ పండ్రెండవ శతాబ్దపు శరణదంపతులు. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ యనగా ఏరుకొన్న బియ్యము. కల్యాణ పట్టణమున బసవేశ్వరుని వాకిట రాలిన గింజలను మారయ్య ఏరి తెచ్చుచుండెను. ఆ బియ్యమును వండి లక్కమ్మ జంగములకు పెట్టుచుండెను. ఒకనాడు వారి పేదరికమునకు జాలిపడి బసవేశ్వరుడు కావలెనని హెచ్చుగా బియ్యము చల్లించెనని చెప్పుదురు. మారయ్య సంతోషించి పెద్దమూట కట్టుకొని వచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నిన్నటికంటె నేడు ఎక్కువ యేల తెచ్చితివని అడిగి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను.

దీనిని సాధారణముగా ఆశ లేకుండుటకు దృష్టాంతముగా చెప్పుదురు. అది సరియే. కాని ఇందు మరియొక సంగతి కలదు. ఇచ్చినవాడు బసవేశ్వరుడంతటివాడు. ఉద్దేశము మంచిది. చాటుగానే ఇచ్చెను, పేరు చెప్పుకొనలేదు. అయినను పుచ్చుకొనువారి మనస్సు నెరుగక ఇచ్చిన యీవి ఆ యింటి గడప దాటలేకపోయెను.

ఇక మన కాలమునకు వత్తము. జగిత్యాల జిల్లాలోని బీర్పూరు గోదావరికి చేరువనున్న ఊరు; లక్ష్మీనరసింహస్వామి గుడికి ప్రసిద్ధము. 2016లో మండల కేంద్రమయ్యెను. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టి సంసారము నడుపు తల్లులు అనేకులు. గల్ఫ్ దేశములకు పనికై పోయిన తండ్రులును అనేకులే. బీడీపనికి కూలి వేయింటి లెక్క. పని దొరకని దినమున కూలియు లేదు. అట్టి యింటిలో బిడ్డ వచ్చి, ‘యాత్రకు డబ్బు కట్టవలెనట’ యని చెప్పినపుడు తల్లి వెంటనే జవాబు చెప్పజాలదు. మరునాడు తరగతిలో, ‘డబ్బు తేనివారు లేచి నిలువుడు’ అందురు. బిడ్డ లేచి నిలుచును. యాత్రనాడు కడుపునొప్పి యని ఇంటనే యుండిపోవును. ఆ నొప్పి నిజము కాదని తల్లికిని తెలియును, ఉపాధ్యాయునికిని తెలియును.

యాత్ర వినోదమే గదా, మానినచో నష్టమేమని కొందరందురు. బీర్పూరునుండి ఒక్క దినములో పోయి రాదగిన చోట్లను చూడుడు. జగిత్యాల మీదుగా కరీంనగరు దారిన పోవగా గంగాధర మండలమున కురిక్యాల కలదు. అచటి బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనమున సంస్కృత కన్నడములతో పాటు తెలుగు కందపద్యములు మూడు కలవు. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు, జైనుడు. పంపకవిని పోషించిన అరికేసరి వేములవాడ చాళుక్యరాజు. నన్నయకు పూర్వమే తెలుగున కందము చెక్కబడినదని పుస్తకమున చదువుట వేరు. ఆ రాతిముందు నిలిచి, ఈ అక్షరము ‘క’ యా, ‘ర’ యా యని తోటివారితో వాదులాడుట వేరు. అచటినుండి వేములవాడ రాజరాజేశ్వరుని దర్శించి, దగ్గరనున్న సిరిసిల్లకు పోయినచో మరమగ్గముల చప్పుడు వినవచ్చును. కాయకమనగా నేమో ఆ మగ్గము ముందు నిలిచిన బిడ్డకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంత చదువు ఒక్క పగటిలో బస్సు కిటికీ ప్రక్క దొరకుచుండగా, కొందరికి మాత్రము దొరకకపోవుట న్యాయము కాదు.

కనుక చందా వసూలు చేయవలసినదే. ఎట్లు చేయవలెననునదే ప్రశ్న. పేదపిల్లల పట్టిక వ్రాసికొని దాతల యిండ్లకు పోవుట మనకు అలవాటు. పిదప ఫ్లెక్సీపై దాత బొమ్మ పెద్దదిగను, పిల్లల వరుస చిన్నదిగను వేయుదురు. ఇది దానము కావచ్చును, దాసోహము కాదు. ‘దాసోహం’ అనగా ‘నేను దాసుడను’ అని అర్థము. ఇచ్చువాడు దాసుడైనపుడు పుచ్చుకొనువానిని వరుసలో నిలబెట్టు అధికారము వానికెక్కడిది?

ఇంగ్లండునందు 1996 నాటి విద్యాచట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. బడివేళలలోని యాత్రకు పాఠశాల స్వచ్ఛంద విరాళము అడుగవచ్చును. ఇయ్యలేదను కారణమున ఏ బిడ్డను విడిచిపోరాదు. చాలినంత పైకము రానిచో యాత్రయే మానుకొనవచ్చును గాని, కొందరిని మాని కొందరు పోరాదు. జపానులో పెక్కు పాఠశాలలు యాత్రకై నెలనెలకు కొంత కొంతగా ముందే కూడబెట్టించును. పేదకుటుంబములకు స్థానిక ప్రభుత్వము సహాయము చేయును. మన పల్లెకు ఈ రెండును తగినవే.

మొదట బస్సు అద్దె, భోజనము ఖర్చు కనుగొని మొత్తము నిర్ణయింపవలెను. రెండుమూడు నెలలు ముందుగా తరగతిలోని ప్రతి బిడ్డకును ఒకే తీరు కవరు ఇయ్యవలెను. పైన పేరుండదు. ఇచ్చగలవారు ఇచ్చినంత పెట్టుదురు. లేనివారు ఉత్త కవరే అంటించి తెత్తురు. అన్నియు ఒకే డబ్బాలో పడును. తక్కువైన మొత్తమునకే ఊరివారి వద్దకు పోవలెను. అదియు ‘తరగతి యాత్ర’ పేరుననే గాని, ఫలానా బిడ్డ పేరున కాదు. రైతు బియ్యమీయవచ్చును. డబ్బు లేని తల్లి తెల్లవారుజామున వచ్చి పులిహోర కలుపవచ్చును. లెక్కపుస్తకమున ఆమె పనిని కూడ వ్రాయవలెను. వేయిరూపాయల దాత పేరు క్రింద కాదు, ప్రక్కన.

పెద్ద దాత యొకడు వచ్చి మొత్తము ఖర్చు నేనే భరింతునన్నచో నేమి చేయవలెను? పుచ్చుకొనుట సులువు. కాని అప్పుడు కవర్లతో పనిలేదు, పులిహోరతో పనిలేదు. అది వాని యాత్ర యగును, పిల్లలది కాదు. మారయ్య మూట వలె దీనిని కూడ కొంత తగ్గించి పుచ్చుకొనుటయే మేలు.

యాత్ర ముగిసిన మరునాడు వచ్చినదెంత, బస్సుకెంత, భోజనమునకెంత అను లెక్కను బడిగోడపై అంటింపవలెను. మిగిలిన పైకము కొంచెమైనను, ఊరి దాతలను పిలిచి ముందుంచి, తిరిగి కావలెనా, మరుసటి యేటి డబ్బాలో వేయుదమా యని అడుగవలెను. వారు చెప్పిన జవాబు కూడ ఆ పుస్తకముననే వ్రాసి, వారిచేతనే సంతకము చేయించుకొనవలెను.