నీటి పరీక్షకు ఈస్టు కణములు

నీటిలోని రసాయనములను రసాయనశాలలో కనుగొనవచ్చును. కాని వెదకిన పదార్థమే అచ్చట దొరకును; వెదకనిది దొరకదు. ఇంగ్లండు నదులలో ఈ చిక్కే వచ్చినది. మురుగునీటి శుద్ధికేంద్రముల నీరు కలియుచోట బోనులలో ఉంచిన మగ ట్రౌట్ చేపల రక్తమున, ఆడచేపలలో గ్రుడ్ల సొనకై తయారగు మాంసకృత్తు హెచ్చుగా నున్నదని 1994లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నీటిలో ఏదో స్త్రీ హార్మోనువలె పనిచేయుచుండెను. అది యేది?

1996లో బ్రూనెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రౌట్లెడ్జ్, సంప్టర్ అనువారు ఒక పరీక్షను వివరించిరి. ఈస్టు మనకు క్రొత్తది కాదు. కల్లు పులియుటకు కారణమదియే. ఈ పరీక్షకై ఈస్టు కణములో, ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోనును గుర్తించుటకు మానవ శరీరమునకు తోడ్పడు జన్యువు చేర్చబడినది. ఆ హార్మోను గాని, దానివలె నటించు రసాయనము గాని తగిలినచో కణము ఒక ఎంజైమును స్రవించును. అంతట పసుపుపచ్చని ద్రవము ఎర్రబారును. ఎరుపును కొలిచి ప్రభావమును లెక్కింతురు.

ఈస్టు బలమును చెప్పునే గాని పేరు చెప్పదు. అందుచేత మురుగునీటిని భాగములుగా విడదీసి, ఎర్రబారిన భాగములనే శోధించిరి. మొదట అనుమానము కర్మాగారముల రసాయనములపై నుండెను. కాని గృహముల మురుగునీటిలో ముఖ్యముగా తేలినవి మానవ శరీరమునుండి సహజముగా వెలువడు హార్మోనులు; కొన్నిచోట్ల గర్భనిరోధక మాత్రలలోని కృత్రిమ హార్మోను. కర్మాగారములు నిర్దోషులని కాదు: యార్క్‌షైరులోని ఏర్ నదిలో ఉన్నిని కడుగుటకు వాడిన రసాయనముల అవశేషములే చేపలకు చేటు తెచ్చినవి.

ఒక జాగ్రత్త మాత్రము అవసరము. నీటిలో ఈస్టును చంపు విషమున్నచో రంగు మారదు. అంతమాత్రమున ఆ నీరు మంచిదనరాదు.